చలికాలం దించిన తీగలు

బీచ్‌లాగ్ వాగు, నాట్ కౌంటీ, కెంటకీ
నవంబరు 10, 1957

బర్ల్ నాయనా,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదని తప్పుగా అనుకోకు. నేను బడికి పోయింది రెండే చలికాలాలు. తరవాత నాకు అక్షరాలు మళ్ళీ నేర్పింది నా పిల్ల వెస్టానే, దానికి తొమ్మిదేళ్ళప్పుడు, పిండి సంచి మీద అచ్చు చూపించి. ఆ అక్షరాలతో దాని గురించే రాయాల్సి వస్తుందని ఎవరనుకున్నారు.

నువ్వు దాన్ని ఇంటికి తెచ్చిన రోజు మీతో రెండు మాటలైనా మాట్లాడలేదు. మీ బృందంలో నలుగురూ టోపీలు చేతుల్లో పట్టుకుని వాకిట్లో నిలబడితే కాఫీ కూడా ఇవ్వలేదు. శవపెట్టెను కొండమీదికి మోసింది మీరే. వాన, బురద. ఒక్కసారి కూడా జారనివ్వలేదు. నేను చూడలేదనుకున్నావేమో, చూశాను.

నువ్వు అరుగు మీద పెట్టి వెళ్ళిన పాత బాంజోని పెరట్లో పంది మాంసం పొగపెట్టి దాచే కొట్టుగదిలో, దాని మేకుకే తగిలించాను. మా ఆయన హాబర్ట్ బాప్తిస్మం తీసుకున్న రోజున తగిలించిన మేకు అది. ఇక ముట్టనని దేవుడికి మాట ఇచ్చి ముట్టలేదు. పంది తొడల మధ్య పొగ పట్టి ఉన్న దాన్ని ఏడేళ్ళ పిల్ల చూసింది. ఉప్పు తెమ్మని పంపితే ఉప్పు రాలేదు, టింగుమని చప్పుడు వచ్చింది. ఆ రోజే కొట్టుకి తాళం వేసి ఉంటే నా పిల్ల ఈ వాగు దాటేది కాదు కదా అని ఒకపూట అనుకుంటాను. ఇంకోపూట అలా అనుకున్నందుకు ఏడుస్తాను.

ఏడాది నిండాక చేసే సంస్మరణ ప్రసంగం వచ్చే సెప్టెంబరు రెండో ఆదివారం అని మా చర్చి సంఘం పెట్టింది. చుట్టుపక్కల మూడు వాగుల బోధకులూ వస్తారు. అప్పటిదాకా దాని చావు ఇంకా సగమే అయినట్టుంది నాకు. నువ్వు రావాలి.

వెస్టా తల్లి,
అర్మింటా స్టాంపర్


బ్రిస్టల్, వర్జీనియా
నవంబరు 24, 1957

మింటీ అత్తకి,

మీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకునే ఈ వారం రేడియోలో ఫిడేలు వాయించాను.

మధ్యాహ్నం ప్రోగ్రాం సాగుతూనే ఉంది. మీకు తెలుసుగా, మాకందరికీ ఒకటే మైకు. ఎవరి వంతు వస్తే వాళ్ళు ముందుకు అడుగేస్తారు, అయ్యాక పక్కకి తప్పుకుంటారు. వెస్టా వంతు వచ్చేచోట మేం ఇంకా తప్పుకుంటూనే ఉన్నాం అత్తా. కొత్త బాంజో అతను మంచివాడే. ఆ ఖాళీలోకి రావడానికి భయపడుతున్నాడు. స్టేషనుకి ఉత్తరాలు వస్తున్నాయి, ఎక్కువ ఆడపిల్లలవి. బాంజో ఆడదాని చేతిలో అలా మోగుతుందని ఆమె వాయించేదాకా తెలియలేదని ఒకమ్మాయి రాసింది. మా అందరికీ కూడా తెలియదు.

ఒక సంగతి అడగాలి. వేదిక మీద వాయించే మెరిసే బాంజో వేరు. ఆ పాతదాని మీద వెస్టా ఒక్క పాటే వాయించేది. పేరు లేదు, రికార్డు చెయ్యలేదు, జనం ముందు ఎప్పుడూ వాయించలేదు. ప్రోగ్రాంకి ముందు కారులో కూర్చుని తన కోసం వాయించుకునేది. తొమ్మిదేళ్ళు చూశాను కాబట్టి వేళ్ళు ఎక్కడ పడతాయో నాకు కంఠతా వచ్చు. శృతి మాత్రం తెలియదు. పాతకాలం ముసలాళ్ళలాగా, శృతి చేసేటప్పుడు మాకు వీపు తిప్పేసేది. మేమేమైనా దొంగలమా అంటే, "కాకపోతే ఎందుకు తొంగి చూస్తున్నారు?" అనేది. నా ఫిడేలు మీద వెతికాను. దొరకలేదు.

ఆఖరి రోజున కూడా కారులో వాయించింది. తరవాత ఆ బిరడాలు ఎవరూ తిప్పలేదు. అంటే తన శృతి ఆ తీగల్లోనే ఉంది. దయచేసి ఎవరినీ ముట్టనివ్వకండి. దారులు తెరుచుకున్నాక వచ్చి రాసుకుంటాను. ప్రసంగం రోజున కొండమీద, బోధకులు వెళ్ళిపోయాక, ఆ పాట తనకి వినిపించాలి. లేకపోతే అదీ మట్టిలోకి పోయినట్టే.

మీ
బర్ల్ రాట్లిఫ్


బీచ్‌లాగ్ వాగు
డిసెంబరు 15, 1957

బర్ల్‌కి,

ఇక్కడ మంచు మోకాలి లోతు. పందిని కోశాం. మా మరిది వచ్చి సాయం చేశాడు. ఎండు చిక్కుళ్ళు ఈసారి ఎక్కువ పెట్టాను, దారానికి గుచ్చి పొయ్యి వెనకాల వేలాడదీశాను. ఎవరు తింటారని గుచ్చానో తెలియదు. చేతులు ఊరికే ఉండలేవు.

నువ్వు చెప్పే పాటేదీ నాకు తెలియదు. అది మాంసం కొట్లో కూర్చుని ఉంటే నేను అటు పోయేదాన్ని కాదు. మా సంఘంలో కీర్తన ఎత్తుకునేది నోటితో, తీగతో కాదు. కొండమీద, సమాధుల దగ్గర తీగల చప్పుడయితే మా సంఘం పెద్ద బ్రదర్ గ్రాన్‌విల్ సంఘం పట్టీలోంచి నా పేరు కొట్టేయిస్తాడు. అరవై ఏళ్ళు నిండినదాన్ని, ఇప్పుడు సంఘం లేకుండా ఎక్కడికి పోను?

బాంజో మేకుకి ఉంది.

నువ్వు ఈ దారుల్లో రావద్దు. జారుడుగా ఉంది.

అర్మింటా


బ్రిస్టల్
ఫిబ్రవరి 9, 1958

మింటీ అత్తకి,

మీ ఉత్తరం చల్లగా ఉంది. వాతావరణం వల్లనే అనుకుంటాను.

మిమ్మల్ని నవ్వించే సంగతి ఒకటి చెబుతాను. రెండేళ్ళ కిందట ఒక బడిలో ప్రోగ్రాం. వెనక వరసలో ఒకాయన లేచి, "అమ్మాయ్, పెళ్ళయితే ఈ బాంజో వదిలేస్తావా?" అని అరిచాడు. జనం నవ్వారు. వెస్టా వాయించడం ఆపకుండానే మైకు దగ్గరికి వచ్చి, "బొటనవేలు, చూపుడువేలు, నడివేలు పనిలో ఉన్నాయయ్యా. ఉంగరం వేలు బాంజో తోలు మీద ఆన్చుకోవాలి. ఇక ఉంగరం ఎక్కడ పెట్టుకోను?" అంది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆ వారమే తనని ఒక మాట అడుగుదామనుకున్నాను. అడగలేదు.

ఈమధ్య మా తరహా సంగీతానికి జనం ఒక పేరు పెట్టారు, బ్లూగ్రాస్ అని. దాని గురించి రాసేవాళ్ళు వచ్చి, మొదలుపెట్టింది ఎవరెవరని అడుగుతున్నారు. మగవాళ్ళ పేర్లే రాసుకుంటున్నారు. నేను తన పేరు చెప్పి, ఒక్కో అక్షరం పలికి రాయించాను. పేరు రాయించగలను. ఆ పాట మాత్రం మీ కొట్లోనే ఉంది.

కొండమీద సంగతి తరవాత చూద్దాం. తీగలు ఎవరూ ముట్టలేదని ఒక్క మాట రాయండి, చాలు.

మీ బర్ల్


బీచ్‌లాగ్ వాగు
మార్చి 16, 1958

బర్ల్,

నువ్వు అడిగిన ఒక్క మాట రాయలేక మంచు గురించీ పంది గురించీ రాశాను.

ఆ తీగలు దించేశాను.

నేనే దించాను. నీ ఉత్తరం రాకముందే, చలి పట్టకముందే. హాబర్ట్ ఎప్పుడూ చెప్పేవాడు, చలికాలానికి తీగలు దించాలి, లేకపోతే లాగి లాగి బాంజో మెడ వంగిపోతుంది, వంగిన మెడ మళ్ళీ తిన్నగా కాదు అని. దేవుడికి మాట ఇచ్చిన రోజున కూడా ముందు తీగలు దించి, ఆ తరవాతే మేకుకి తగిలించాడు. మా వాగు చుట్టుపక్కల ఎవరినడిగినా అదే చెబుతారు.

తొమ్మిదేళ్ళుగా వెస్టా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ బాంజోని నేను గుమ్మం దాటనివ్వలేదు. జుట్టు కత్తిరించుకుని వచ్చిన ఏడాది, "నువ్వు రా, అది రాకూడదు" అన్నాను. వెస్టా నవ్వి, దాన్ని కొట్లో తగిలించి వచ్చి కాళ్ళు కడుక్కుంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నాలుగైదు సార్లు అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నేమో.

ఆ రోజు చేతులు తుడుచుకుని, కుర్చీ వేసుకుని, ఒళ్ళో పెట్టుకున్నాను. పిల్లకి జడ విప్పినట్టు అయిదు బిరడాలూ ఒక్కొక్కటే తిప్పాను. తీగ వదులవుతూ కిందికి కిందికి మూలుగుతూ పోయింది. ఆ బాంజో మీద నా జన్మలో ప్రేమగా చేసిన పని అదొక్కటే, బర్ల్. దాంతోనే చెరిపేశాను.

నువ్వు ఇక ఉత్తరం రాయకపోయినా నేనేమీ అనుకోను.

అర్మింటా


బ్రిస్టల్
ఏప్రిల్ 6, 1958

అత్తా,

మీ ఉత్తరం చదివాక ఫిడేలు పెట్టె మూసేసి కొంతసేపు కారులో కూర్చున్నాను. కోపం రాలేదని చెబితే అబద్ధం. కానీ మా నాన్న కూడా ప్రతి నవంబరులో తీగలు దించేవాడు. మీ చోట నేనున్నా అదే చేసేవాణ్ణి.

మీరు నిజం రాశారు కాబట్టి నేను కూడా రాయాలి. ఇది ఏడు నెలలుగా గొంతులో ఉంది.

హఠాత్తుగా జరిగిపోయిందని మీ వాకిట్లో చెప్పాను. కాదు. ఆ రోజు పొద్దుటి నుంచీ వెస్టా కడుపు పట్టుకునే ఉంది. కారు ఆసుపత్రికి తిప్పనా అని అడిగాను. "ప్రోగ్రాం అయ్యాక. ఇంత దూరం నడిచి వచ్చారు జనం," అంది. బండి నడిపేది నేను. తిప్పలేదు. నాలుగు పాటలు వాయించింది, చెమటలు కారుతున్నాయి, జనం ఇంకొకటి ఇంకొకటి అన్నారు. అయిదోదీ వాయించింది. ఆసుపత్రికి చేరేసరికి లోపల అపెండిక్స్ పగిలిపోయిందన్నారు. రెండు గంటల ముందు తెచ్చి ఉంటే, అన్నాడు డాక్టరు.

ఆమెకి ఎదురు చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఆ ఒక్కరోజు చెప్పి ఉండాల్సింది.

నేను రాకూడదంటే రాను.

బర్ల్


బీచ్‌లాగ్ వాగు
మే 18, 1958

బర్ల్ నాయనా,

నీ ఉత్తరం వచ్చాక నలభై రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. పొయ్యిలో వేద్దామని రెండుసార్లు మూత తీశాను. వెయ్యలేదు. అందులో అది అన్న మాట ఉంది కదా.

నిన్న మొక్కజొన్న చేలో కలుపు తీస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. దానికి పన్నెండేళ్ళప్పుడు పార దెబ్బకి పాదం తెగింది. నెత్తురు. ఇంటికి పద అని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. ఆ సాలు పూర్తిచేసి గానీ రాలేదు. కన్నతల్లిని నేనే లాక్కురాలేకపోయాను, నువ్వెంత.

నీ తప్పు లేదని నేను అనను. నా తప్పు లేదని నువ్వూ అనకు. ఇద్దరం మోద్దాం, పెట్టె మోసినట్టు.

దారులు ఎండాయి. జూన్‌లో రా. దానికి శృతి దొరుకుతుందేమో వెతుక్కో. మొక్కజొన్న రొట్టె చేస్తాను. ఈసారి కాఫీ కూడా ఇస్తాను.

మింటీ అత్త


బీచ్‌లాగ్ వాగు
జూన్ 22, 1958

బర్ల్ నాయనా,

నువ్వు వెళ్ళి వారమయింది. రెండు రోజులు మాంసం కొట్టు గడప మీద కూర్చుని ఎన్ని రకాలుగా తిప్పావో. ఒక్కో శృతి పెట్టి, వాయించి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ తిప్పేవాడివి. వెళ్ళేటప్పుడు, "ఇక లేదత్తా, పోయింది," అన్నావు. కారు మలుపు తిరిగేదాకా నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను గానీ నోరు విప్పలేదు.

ఆ పాట నాకు తెలియదని రాశాను చూడు, అదీ అబద్ధమే. నువ్వు పెట్టిన ప్రతి శృతీ తప్పని నాకు తెలుసు. నువ్వు తల ఊపకముందే తెలుసు.

వెస్టా మధ్యాహ్నం భోజనాలయ్యాక కొట్లోకి పోయేది. నేను వంటింట్లో గిన్నెలు కడగడం మొదలుపెట్టేదాన్ని. ఆ చప్పుడు నా చెవిన పడకూడదని కీర్తన గట్టిగా ఎత్తుకునేదాన్ని, దేవుడు వినాలని కాదు, అది వినాలని. కొంతసేపటికి అది మొదలుపెట్టేది. నా గొంతు దానంతటదే ఆగిపోయేది. నీళ్ళలో చేతులు పెట్టుకుని, గిన్నె కదపకుండా అయిపోయేదాకా నిలబడేదాన్ని. తొమ్మిదేళ్ళు. అది లోపలికి రాగానే, "ఇక అయిందా నీ గోల" అనేదాన్ని.

నేను విన్నానని దానికి తెలియకుండానే పోయింది, బర్ల్. నాకు ఆ పాట పోయిందని కాదు ఏడుపు. అమ్మ విన్లేదనుకుని పోయిందే అని.

మింటీ


బ్రిస్టల్
జూలై 6, 1958

అత్తా,

మీ ఉత్తరం అందగానే కూర్చుని రాస్తున్నాను.

ఆమెకి తెలుసు.

నాలుగేళ్ళ కిందట జనవరిలో మీ ఇంటి నుంచి తనని తీసుకొస్తున్నాను. ఆ శృతి ఎవరి దగ్గర నేర్చుకున్నావని అలవాటుగా అడిగాను. "నాది కాదు, వంటింటిది" అంది. నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. ఎప్పుడూ చేసే పనే కదా. అందుకే మరిచిపోయాను. మీరు గిన్నెల సంగతి రాయగానే తను అన్నదంతా అక్షరం పొల్లుపోకుండా వెనక్కి వచ్చింది. ఇలా అంది:

"మా అమ్మ కీర్తన ఎక్కడ ఎత్తుకుంటే పొట్టి తీగ అక్కడ. ఎక్కడ దించుతుందో లావు తీగ అక్కడ. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి మూడుచోట్ల ఆగుతుంది, మిగతా మూడూ అవి. నేను శృతి చేసుకునేదాకా పాడుతుంది, వాయించడం మొదలెట్టగానే ఆపేస్తుంది. ఆపి ఏం చేస్తుందంటావ్? జనవరిలో వంటింటి కిటికీ ఎవరైనా తెరిచిపెట్టుకుంటారా బర్ల్?"

అని నవ్వింది. చాలాదూరం నవ్వుతూనే ఉంది. అప్పుడు ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇంకొకటి. ఇంటికి వెళ్ళి చాలా నెలలయితే, "శృతి జారిపోతోంది, అమ్మ దగ్గరికి పోయి సరిచేసుకోవాలి" అనేది. మమ్మల్ని చూడనివ్వకుండా వీపు తిప్పేది దొంగతనం భయంతో కాదేమో అత్తా. ఆ సమయంలో తను మీ ఇంట్లో ఉండేదేమో.

మీరు పాడితే నేను తిప్పగలను. పాడతారా?

బర్ల్


బీచ్‌లాగ్ వాగు
ఆగస్టు 24, 1958

బర్ల్ నాయనా,

నీ ఉత్తరం చదివి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. దాని చట్రం వంకరపోయి సరిగా పడదు, అందుకే తెరిచి ఉంచుతానని అందరికీ చెప్పేదాన్ని. గట్టిగా నొక్కితే పడుతుంది.

ప్రసంగానికి ముందురోజు శనివారం రా. భోజనానికి రా. గిన్నెలు కడగకుండా ఉంచుతాను.

గొంతు వస్తుందో రాదో తెలియదు. పోయిన సెప్టెంబరు నుంచీ వంటింట్లో పాడలేదు.

మింటీ అత్త


బీచ్‌లాగ్ వాగు
అక్టోబరు 26, 1958

బర్ల్ నాయనా,

ఆ శనివారం నువ్వు కొట్లో ఉన్నావు. ఇవతల వంటింట్లో ఏం జరిగిందో నీకు తెలియదు. ఎందుకు అంత ఆలస్యమయిందో చెప్పాలని రాస్తున్నాను.

గొంతు రాలేదు. కడిగిన పళ్ళేలే మళ్ళీ కడిగాను. నువ్వు అక్కడ దగ్గావు, ఉన్నానని చెప్పడానికి కాబోలు. అది కూడా అలాగే దగ్గేది, పొగకి. అప్పుడు నేను కీర్తన ఎత్తుకున్నాను. పాత అలవాటు చొప్పున గట్టిగానే. మొదటి మాట దగ్గరే నిలబడిపోయి ఊపిరి ఉన్నంతసేపూ లాగాను. కొట్లోంచి సన్నగా ఒక తీగ పైకి పైకి వచ్చి, నా గొంతును ముట్టుకుని, ఆగింది. నేను ఆపలేదు. అయిదు తీగలూ వచ్చేదాకా పాడాను. ఆ తరవాత నువ్వు మొదలుపెట్టావు, నేను ఆపేశాను.

నువ్వు అది కాదు. మూడోచోట అది కొంచెం తొందరపడేది, నువ్వు పడవు. కానీ ఇల్లు అదే. నీళ్ళు చల్లారిపోయేదాకా నిలబడ్డాను. నువ్వు లోపలికి వచ్చాక నీతో నేను అనాల్సిన మాట, తొమ్మిదేళ్ళు దానితో అననిది, "మళ్ళీ వాయించు" అన్నాను. నువ్వు వింతగా చూశావు. ఇప్పుడు తెలిసిందా ఎందుకో.

ఆదివారం కొండమీద సంగతి నీకు తెలుసు. ప్రసంగాలయ్యాయి, ముగ్గురు బోధకులూ ఏడిపించారు, జనం భోజనాలకి కిందికి దిగారు. బ్రదర్ గ్రాన్‌విల్ మాత్రం దిగకుండా బెంచీ మీద మనకి వీపు తిప్పి కూర్చున్నాడు, మోకాలు నొప్పి అన్నాడు. నేను దాని సమాధి తలవైపు నిలబడి కీర్తన ఎత్తుకుంటే, నువ్వు కాళ్ళవైపు నుంచి బాంజోతో అందుకున్నావు. ఈసారి నేను ఆపలేదు. అది బతికుండగా ఒక్కసారి ఆపకుండా ఉండి ఉంటే రెండూ కలిసి ఎలా ఉంటాయో దానికి తెలిసేది. ఇప్పుడు తెలిసింది అనుకుంటాను. అనుకోకపోతే బతకలేను.

నువ్వు వెళ్ళాక జరిగింది విను. సంఘం సమావేశంలో సిస్టర్ మాల్వరీ లేచి, కొండమీద తీగల చప్పుడయిందట, సమాధానం చెప్పాలి అంది. నేను లేవబోయాను. బ్రదర్ గ్రాన్‌విల్ కూర్చోమన్నాడు. "నేను అక్కడే ఉన్నాను. సిస్టర్ మింటీ కీర్తన పాడింది. నలభై ఏళ్ళుగా వింటున్నాను ఈమె గొంతు. ఈసారి తోడుగా ఇంకో ఆడగొంతు ఉన్నట్టనిపించింది. నా చెవులు ముసలివయ్యాయి. ఇంకేమైనా పనులున్నాయా?" అన్నాడు.

ఇంటికి వచ్చి బాంజోని కొట్లోంచి తీశాను. గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగాను. తరవాత లోపలికి తెచ్చి, వంటింట్లో, కిటికీ పక్క గోడకి తగిలించాను. గిన్నెలు కడుగుతూ పాడుతుంటే తోలు సన్నగా రొద చేస్తుంది, ఎవరో మెల్లగా అవునంటున్నట్టు.

రేడియోలో వాయిస్తావని రాశావు. వాయించు. దానికి పేరు పెట్టమంటున్నారట, దాని పేరే పెట్టు. వెస్టా స్టాంపర్ పాట అని. ఆ ఉత్తరాలు రాసిన ఆడపిల్లలకి శృతి కూడా చెప్పు, దాచకు. అడిగితే, వాళ్ళ అమ్మ ఎక్కడ ఎత్తుకుంటే అక్కడ అని చెప్పు.

ఈ ఉదయం చెట్ల మీద తెల్లగా మంచు కనిపించింది. మా మరిది వచ్చి, గోడ మీద బాంజో చూసి, చలి వచ్చేసింది వదినా, తీగలు దించలేదేం, మెడ వంగిపోతుంది అన్నాడు.

వంగితే వంగనీ అన్నాను.

నీ
మింటీ అత్త